సునంద మేడమ్ డ్యూటీ మీద ఉన్నారు

బడిలో టీచరు కనిపించకపోవడం పిల్లల అదృష్టం! కోపం తెచ్చుకోకండి. ముందు కాఫీ తాగండి, తర్వాత నిదానంగా ఆలోచించండి.

గుళ్లో నైవేద్యం వేళ తెర వేస్తారు. అంతవరకూ కోడళ్ల గురించీ మోకాళ్ల గురించీ మాట్లాడుకుంటున్న జనమంతా అప్పుడే మునివేళ్ల మీద లేస్తారు. స్వామి కనిపించినంతసేపూ ఆవలింతలు, తెర పడగానే గోవింద నామాలు! దేవుడికి వర్తించే సూత్రం టీచరుకు వర్తించదా? రోజూ కనిపించే టీచరును చూసి పిల్లలు కునుకు తీస్తారు. నెలకోసారి కనిపించే టీచరును చూస్తే చప్పట్లు కొడతారు. విద్యాశాఖ పెద్దలు ఈ మర్మం ఎప్పుడో గ్రహించారు. మనమే వెనకబడ్డాం.

నమ్మకం కుదరకపోతే వీరరాఘవులు సంగతి వినండి.

వీరరాఘవులు ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అసిస్టెంటు. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. సరోజినీ నగర్ క్వార్టర్ల వెయిటింగ్ లిస్టులో అతని పేరు ఎంత కిందుందంటే, అది పైకొచ్చేసరికి అతను రిటైరవుతాడు. అందుకని మెట్రోలో ఫరీదాబాద్ వైపు వెళ్లే దారిలో ఒక సెక్టారులో అద్దెకుంటున్నాడు. సెక్టారు నంబరు నాకు తెలుసు, మీకు అనవసరం.

అతని భార్య అరుంధతి, కూతురు ప్రణతి. ప్రణతికి తొమ్మిదేళ్లు. కాకినాడలో మూడో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల, తెలుగు పేపరు గడగడా చదివేస్తుంది. ఇక్కడ వీధి చివరి సర్కారు ప్రైమరీ బడిలో నాలుగో తరగతిలో చేర్చారు. అక్కడ అంతా హిందీ. లెక్కలు హిందీ, పద్యాలు హిందీ, నల్లబల్ల మీద రాసిన తేదీ కూడా హిందీ.

తండ్రి నేర్పవచ్చుగా అంటారేమో! వీరరాఘవులు శాఖాపరమైన హిందీ పరీక్ష ప్యాసయినవాడే. 'ఆమోదం కొరకు సమర్పించడమైనది' అని హిందీలో బొమ్మ గీసినట్టు గీయగలడు. 'పిల్లి పాలు తాగింది' అని మాత్రం రాయలేడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ ఫైల్లోనూ ఏ పిల్లీ పాలు తాగలేదు మరి!

ఆ పిల్లను చేరదీసింది సునంద మేడమ్. నాలుగో తరగతి టీచరు. చేరిన మొదటి రోజే ప్రణతిని తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుంది. పది రోజుల్లో అక్షరాలన్నీ వచ్చేశాయి. తర్వాత గుణింతాలు మొదలయ్యాయి. 'ఆ' వచ్చింది, 'ఇ' వచ్చింది, 'ఈ' వచ్చింది. "రేపు చిన్న 'ఉ' చెప్పుకుందాం బేటా," అని వెళ్లింది మేడమ్.

ఆ రేపు ఆవిడకు ఓటర్ల జాబితా డ్యూటీ పడింది.

ఓటర్లు అయ్యాక ఇళ్ల లెక్క. ఇళ్లయ్యాక నులిపురుగుల మాత్రలు. మాత్రలయ్యాక చెట్ల లెక్క. ఆ సెక్టారులో వేపచెట్లు మూడు వందల పన్నెండట. నాలుగో తరగతిలో పిల్లలు యాభై నలుగురు. ఎవరు ఎక్కువ? వేపచెట్లే కదా! మెజారిటీ ఎటుంటే టీచరు అటుండడం ప్రజాస్వామ్యం.

పిల్లలకు లోటేమైనా వచ్చిందా? రాలేదు! ప్రిన్సిపల్ భరద్వాజ్ సార్ మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని ఒకే వరండాలో కూర్చోబెట్టి ఒకే పద్యం చెప్పించాడు. మూడో తరగతి వాళ్లు రెండేళ్లు ముందుకెళ్లారు. అయిదో తరగతి వాళ్లు రెండేళ్లు వెనక్కొచ్చారు. సమానత్వం అంటే ఇదే కదా!

ప్రణతి ఒక్కతే ఈ మహాయోగాన్ని గుర్తించలేదు. పుస్తకంలో చిన్న 'ఉ' తగిలిన ప్రతిచోటా ఆగిపోయేది. దసరా సెలవుల్లోగా చదవడం రాకపోతే రెండో తరగతిలో కూర్చోబెడతానని భరద్వాజ్ సార్ చెప్పాడు. రెండో తరగతి పిల్లలు ఆమె నడుము దాకా వస్తారు.

"మేడమ్ వచ్చిందా అమ్మా?" అని వీరరాఘవులు రోజూ సాయంత్రం అడిగేవాడు.

"లేదు నాన్నా. డ్యూటీ మే హై అన్నారు."

"రేపొస్తుందా?"

"రేపు కూడా డ్యూటీ మే హై." అని, "నాన్నా, రెండో క్లాసులో బెంచీలుండవు. కింద కూర్చోవాలి," అనేది.

అరుంధతి తేలికైన దారి చెప్పింది. "ఏవండీ, ఆవిడ ఇల్లు పక్క సెక్టారేనట. ఆదివారం ఒకసారి వెళ్లి, 'అమ్మా, అరగంట మా పిల్ల సంగతి చూడండి' అని అడిగొద్దాం. అయినా ఆడవాళ్లం, నేను మాట్లాడతాను లెండి."

వీరరాఘవులు భార్యను జాలిగా చూశాడు. "ఇళ్లకెళ్లి అడగడమేమిటే? పద్ధతంటూ ఒకటుంది. ప్రాపర్ ఛానెల్లో వెళ్లాలి."

ప్రాపర్ ఛానెల్! కేంద్ర ప్రభుత్వోద్యోగికి అది రెండో గాయత్రి. దాహమేసినా నేరుగా కుండ దగ్గరికి వెళ్లడు.

రెండు సాయంత్రాలు కూర్చుని ఇంగ్లీషులో అర్జీ తయారుచేశాడు. పద్నాలుగు పేరాలు, ప్రతి పేరాకూ నంబరు. చట్టం ఏం చెబుతోంది, నియమం ఏం చెబుతోంది, టీచరు ఏయే తేదీల్లో క్లాసులో లేరు, ఎందుకు లేరు, ఉండి ఉంటే ఏమయ్యేది? చివర 'ప్రతులు' అంటూ నాలుగు పై ఆఫీసుల పేర్లు. అర్జీలో సొంత సంగతులు ఉండకూడదని కూతురి పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. ఆఫీసులో పక్క సీటు ఉమాశంకర్ అది చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"గురువుగారూ, ఇది అర్జీ కాదండీ, వజ్రం! దీనికి జవాబివ్వకుండా ఏ ఆఫీసరూ తప్పించుకోలేడు."

ఉమాశంకర్ నోటి మహిమ, అక్షరాలా అలాగే జరిగింది.

సోమవారం వేపచెట్ల లెక్క ముగిసి సునంద మేడమ్ బడికి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మొదటి రెండు రోజులూ మరిచిపోయిన పాఠాలు గుర్తు చేయడానికే సరిపోయాయి. బుధవారం ప్రణతిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. చాక్‌పీసు తీసి బల్ల వైపు తిరిగింది. ఫోను మోగింది.

వెంటనే బ్లాక్ ఆఫీసుకు రావలెను. ఎందుకు? మీరు క్లాసులో ఎందుకు ఉండడం లేదో రాతపూర్వకంగా చెప్పడానికి!

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన వ్యవస్థకు నమస్కారం పెట్టండి. సర్కారుకు సామాన్యుడి గోడు పట్టదంటారు. పట్టింది చూశారా! నాలుగు ఆఫీసులకూ పట్టింది. నాలుగూ విడివిడిగా నివేదిక అడిగాయి. ఒకటి తేదీల వారీగా కావాలంది. ఒకటి డ్యూటీల వారీగా కావాలంది. ఒకటి ఎక్సెల్ షీటులోనే కావాలంది. నాలుగోదానికి జాగ్రత్త ఇంకా ఎక్కువ. టీచరు క్లాసులో లేనట్టు రుజువుగా ఫొటో జతచేయమంది.

లేని మనిషిని ఫొటో తీయడమెలా? భరద్వాజ్ సార్ బుద్ధిమంతుడు. మేడమ్ ఖాళీ కుర్చీని ఫొటో తీసి పంపాడు. కుర్చీ స్పష్టంగా లేదని తిప్పి పంపారు.

నివేదికలకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మేడమ్ క్లాసులో లేదు కాబట్టి, వాటిని కలుపుతూ అనుబంధ నివేదిక కావలసి వచ్చింది. దానికి ఇంకో రోజు. ఆ రోజును కలుపుతూ...

లెక్కలు వచ్చినవారు ఇది ఎక్కడ ఆగుతుందో చెప్పండి. నాకు రాదు, నేను పదో తరగతితో ఆపేశాను.

ఇదేదీ తెలియని వీరరాఘవులు పదిహేను రోజులు చూశాడు. జవాబు రాలేదు. పద్ధతి ప్రకారం రిమైండర్ పంపాడు! దాంతో ఫైలు పరుగులు పెట్టింది. స్వయంగా హాజరై చెప్పుకొమ్మని అర్జీదారుకూ, టీచరుకూ, ప్రిన్సిపలుకూ ఒకే రోజుకు కబురొచ్చింది. ప్రిన్సిపల్ వెళ్తే బడి తెరిచేవారెవరు? ఆ పూట బడికి సెలవిచ్చారు. పిల్లలు ఆ అర్జీదారు ఎవరో గాని చల్లగా ఉండాలని కోరుకున్నారు.

వీరరాఘవులు క్యాజువల్ లీవు పెట్టి, వినాయకుడికి దణ్ణం పెట్టి, బ్లాక్ ఆఫీసుకు వెళ్లాడు. వరండాలో ఒక బెంచీ. దాని మీద ఒక చివర నలభై ఏళ్లావిడ, ఒళ్లో బరువైన ఫైలు. భరద్వాజ్ సార్ టీ తాగడానికి వెళ్లాడు.

"ఆప్ ప్రణతి కే పాపా హై నా? రఘు జీ?" అందావిడ. వీరరాఘవులు అన్న పేరు రాయడం చేతకాక భరద్వాజ్ సార్ అడ్మిషన్ రిజిస్టరులో 'రఘు' అని రాసి ఊరుకున్నాడు. "నేను సునందని. ఒకసారి గేటు దగ్గర పాపను దింపుతుంటే చూశాను మిమ్మల్ని."

ఆవిడ హిందీలో అన్నవన్నీ మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"నమస్తే మేడమ్ జీ," అన్నాడు వీరరాఘవులు. బెంచీ రెండో చివర కూర్చున్నాడు.

"చాలా చురుకైన పిల్ల, భాయీసాబ్! చిన్న 'ఉ' ఒక్కటి అందుకుంటే ఇక దానంతట అదే పరుగెడుతుంది. అరగంట పని. ఆ అరగంటే దొరకడం లేదు." ఆవిడ ఫైలు తెరిచింది. "చూడండి, దీనివల్ల. ఎవరో వీరరాఘవులట. మీ సౌత్ పేరులాగే ఉంది. మీకేమైనా తెలుసా?"

వీరరాఘవులు తన పద్నాలుగు పేరాల్నీ చూశాడు. ప్రతి పేరా పక్కనా ఎర్ర పెన్నుతో గీతలు.

"ఎవరో రిటైరైన పెద్దాయన అయ్యుంటాడు. పొద్దుపోక రాశాడు," అందావిడ. "ఇంగ్లీషు మాత్రం ఎంత బాగుందో! ఒక్క పేరా అర్థం చేసుకోవడానికే ఒక పూట పట్టింది నాకు."

జీవితంలో ఎవరూ అతని ఇంగ్లీషును అంతగా మెచ్చుకోలేదు. సంతోషించాలో, బెంచీ కింద దూరాలో తెలియలేదు.

"ఆయన... మంచి కోసమే రాసుంటాడు మేడమ్ జీ."

"మంచి కోసమే. కాదన్నానా? నాకూ క్లాసులో ఉండాలనే ఉంటుంది. వేపచెట్లు లెక్కపెట్టడానికా నేను టీచర్ ట్రైనింగ్ చేసింది?"

వీరరాఘవులు దైవభీతి ఉన్న మనిషి. రోజూ పూజ చేసుకునే నోటితో ఇంకో అబద్ధం రాలేదు. "మేడమ్ జీ, ఆ వీరరాఘవులు నేనే," అన్నాడు.

ఆవిడ అతని ముఖం చూసింది. అర్జీ చూసింది. మళ్లీ ముఖం చూసింది. తర్వాత చున్నీ నోటికడ్డం పెట్టుకుని బెంచీ ఊగేలా నవ్వింది.

"అరే భాయీసాబ్! ఒక్క కబురు పెడితే ఆదివారం నేనే వచ్చేదాన్ని కదా మీ ఇంటికి!"

అప్పుడే లోపలినుంచి బంట్రోతు వచ్చి ప్రకటించాడు. "సాబ్ మీటింగ్ మే హై. విచారణ వాయిదా."

టీచరు తన చోట లేదన్న ఫిర్యాదు మీద విచారణ, ఆఫీసరు తన చోట లేనందున వాయిదా! ఇంతకన్నా నిష్పక్షపాతం ఏ రాజ్యంలో ఉంటుంది?

ఇంటికొచ్చి అతను జరిగిందంతా చెబితే అరుంధతి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఆదివారం వెళ్దామంటే వినలేదు! సరే, ఈ ఆదివారమే పోదాం పదండి."

"ఫిర్యాదు నడుస్తుండగా వాళ్లింటికెళ్తే తప్పవుతుందే. ముందది వెనక్కి తీసుకోవాలి."

"మళ్లీ రాస్తారా?"

"ఒక్క ముక్క. అంతే."

నిజంగానే ఒక్క ముక్క రాశాడు. 'నా అర్జీని ఉపసంహరించుకొనుచున్నాను.' అంత చిన్న ఉత్తరం అతని సర్వీసులోనే లేదు. అది అందగానే నాలుగు ఆఫీసులూ ఉలిక్కిపడ్డాయి. పద్నాలుగు పేరాలు రాసిన మనిషి ఒక్క ముక్కలో ఎందుకు వెనక్కి తగ్గాడు? ఎవరైనా బెదిరించారా? టీచరు వచ్చి వాంగ్మూలం ఇవ్వవలెను!

ఇంకో మూడు రోజులు పోయాయి. ఆదివారం ప్రయాణం కూడా ఆగిపోయింది, బెదిరింపు విచారణ నడుస్తుండగా వెళ్తే ఇంకా తప్పు కాబట్టి. దసరా సెలవులకు వారం ఉంది.

"ఏవండీ, మీ కాళ్లకు దణ్ణం పెడతాను," అంది అరుంధతి. "ఇక పెన్ను ముట్టుకోకండి."

ఆ శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే సునంద మేడమ్! మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్ట, అట్ట మీద ఫారాల కట్ట.

"సర్వే, భాయీసాబ్," అంది చెమట తుడుచుకుంటూ. "బడికి రాని పిల్లల్ని వెతికే సర్వే. టీచర్లందరికీ వేశారు. బడి పొద్దున్నే వదిలేశాం."

బడికి రాని పిల్లల్ని వెతకడానికి, బడికి వచ్చిన పిల్లల్ని ఇంటికి పంపారన్నమాట! లోపల లేనివాళ్లు దొరకాలంటే లోపలున్నవాళ్లు బయటికి రావాలి. తర్కంలో లోపమేమైనా ఉందా?

అరుంధతి మంచినీళ్లిచ్చింది. మేడమ్ మెట్ల మీద కూర్చుని మొదటి గడి నింపబోయింది. "ఇంటి యజమాని పేరు... ఈసారి పూర్తిగా చెప్పండి, రఘు జీ."

వీరరాఘవులు కూతురి వైపు చూశాడు. ప్రణతి తలుపు వెనక పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు అతనికి ఇరవై రెండేళ్ల ఆఫీసు విద్య అక్కరకొచ్చింది. పని జరిపించడం ఎలాగో అతనికి చేతకాలేదు గాని, పని సాగదీయడం ఎలాగో బాగా తెలుసు.

పేరు చెప్పడానికి పది నిమిషాలు పట్టించాడు. పుట్టిన ఊరికి ఇంకో పది. తర్వాత ఆధార్ నంబరు అడిగింది మేడమ్.

"కార్డు ఎక్కడో పెట్టాను. వెతికి తెస్తాను. మీరు ఈలోగా..." అని ప్రణతి వైపు చెయ్యి చూపించి లోపలికి వెళ్లాడు.

కార్డు చొక్కా జేబులోనే ఉంది. ఆ సంగతి అతనికీ, గూట్లో పటంలో ఉన్న వేంకటేశ్వరస్వామికీ తెలుసు. "క్షమించు తండ్రీ," అని చెంపలేసుకుని, బీరువా తలుపు తీసి గట్టిగా చప్పుడు చేస్తూ నిలబడ్డాడు.

బయట సునంద మేడమ్ చుట్టూ చూసింది. బల్ల లేదు. అరుంధతి ముగ్గుపిండి డబ్బా తెచ్చిచ్చింది. వాకిట్లో నేల మీద పెద్ద 'క'. దాని కాలికింద తోకలా చిన్న వంపు.

"ఇదే బేటా, చిన్న 'ఉ'. ఇప్పుడిదేమిటి?"

"కు."

"దీని కింద పెడితే?"

"గు. మేడమ్, గు!"

ముగ్గు చూసి పక్కింటి పిల్లలొచ్చారు. మేడమ్ గొంతు విని ఎదురింటి పిల్లలొచ్చారు. పావుగంటలో నాలుగో తరగతి సగం ఆ మెట్ల మీదుంది. చప్పట్లు మొదలయ్యాయి. వీరరాఘవులు ఆధార్ కార్డు తెచ్చి, "అయ్యో, ఇది పాతది, ఫొటో మసగ్గా ఉంది," అని మళ్లీ లోపలికెళ్లాడు. అరుంధతి ఉప్మా చేసింది. ఒక ఇంటి సర్వేకు రెండుంపావు గంటలు పట్టింది. ఆ సెక్టారు చరిత్రలో అది రికార్డు.

అందుకే సర్కారుకు నా విన్నపం. సర్వేలు తగ్గించమనేవాళ్ల మాట వినకండి. పెంచండి! పావురాల్ని లెక్కపెట్టించండి, కూలర్లు లెక్కపెట్టించండి. బడిలో దొరకని టీచరు కనీసం ఇంటింటికీ వస్తుంది. తల్లిదండ్రులు ఆధార్ కార్డులు దాచుకుంటే చాలు.

మేడమ్ ఫారం వీరరాఘవులు చేతికిచ్చింది. "చివరి గడి మీరే నింపి సంతకం చేయండి."

అతను సంతకం మాత్రం చేసి, ఫారం తిరిగి ఇవ్వబోయాడు. ప్రణతి తండ్రి మోచేతి మీదుగా తొంగి చూసింది. ఖాళీగా ఉన్న చివరి గడి మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "సు... ఝా... వ్. సుఝావ్! నాన్నా, చదివేశాను! సుఝావ్ అంటే ఏంటి?"

"సలహాలు అని అమ్మా."

"మరి నువ్వేం రాయలేదేం?"

"రాస్తే మీ మేడమ్‌ని పిలుస్తారమ్మా."

కనుక నేనూ సలహాలేవీ రాయను. ఎవరి మీదా ఫిర్యాదు లేదు, అంతా బాగుంది. ఈ రాత మీద అభిమానంతో ఎవరూ దీన్ని కత్తిరించి పై ఆఫీసుకు పంపవద్దని వేడుకుంటున్నాను. రేపు సోమవారం. మేడమ్ క్లాసులో ఉంటారట. పెద్ద 'ఊ' చెబుతానన్నారు.